లింగైక్యుల సమాధి విధి – నేత్రావయవ దానము

వీరశైవ గృహమున ఒకరు లింగైక్యము చెందినప్పుడు జరుగవలసిన క్రియ పెద్దలందరికిని తెలిసినదే. దేహమునకు స్నానము చేయించి, విభూతి రుద్రాక్షలు ధరింపజేసి, పద్మాసనమున కూర్చుండబెట్టి, ఇష్టలింగమును ఎడమ అరచేతియందుంచి, గురుజంగమ సన్నిధిని సమాధి చేయుదురు. దహనము లేదు. ఈ ఆచారము గల యింట నేత్రదానము మాట వచ్చినంతనే ఒక సందేహము పుట్టుట సహజము. లింగము ధరించిన దేహమునుండి కన్నులు తీయవచ్చునా? తీసిన పిమ్మట సమాధి క్రియ యథావిధిగా సాగునా? మరణము సంభవించిన గడియలో కూర్చుండి ఈ సందేహమును విచారించుటకు వ్యవధి చాలదు. ఆరు గంటలు గడచిన పిమ్మట విచారించినను ప్రయోజనము లేదు. కావున ఇంటిల్లిపాదియు ఆరోగ్యముగా నున్న దినములలోనే దీనిని తెలిసికొనియుండుట మేలు.

కన్నులిచ్చినవాడు మరుజన్మమున గ్రుడ్డివాడై పుట్టునను మాట గ్రామములందు వినబడుచుండును. ఇతరుల యింట ఈ భయమునకు తావున్నదేమో గాని, లింగైక్యమును నమ్మిన యింట తావెక్కడిది? అంగము లింగమున కలిసినది, ఇక పుట్టుక లేదని పలికి సమాధి చేయుచు, అదే నోట మరుజన్మపు కన్నులకై విచారపడుట పొసగదు. దేహము లోపముతో సమాధికి పోరాదని మరికొందరి శంక. ప్రమాదమున కాలు పోయినవానికి, శుక్లములు తీయించుకొనిన వృద్ధునకు, గర్భసంచి తీసివేయబడిన తల్లికి సమాధి క్రియ ఆగదు గదా! వైద్యునిచేత బ్రదికియుండగా పోయిన అవయవము అడ్డుకానప్పుడు, పోయిన పిమ్మట ఇచ్చినది అడ్డగునని చెప్పుటకు ఆధారమేమి?

మైల మాటయు కలదు. కన్నులు తీయుటకు వచ్చువారు ఏ కులమువారో, ఆ సమయమున దేహమును తాకవచ్చునో అని ముసలివారు వెనుకాడుదురు. బసవేశ్వరుని మార్గమున మృతి సూతకము లేదు, జాతి సూతకమును లేదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు శరణులు ప్రాణముల కోర్చి నిలిపిన ధర్మమిది. గడప దాటి వచ్చిన వైద్య సహాయకుని జాతి అడుగు అధికారము లింగధారికి లేదు.

వీటికంటె ఆలోచింపదగిన అభ్యంతర మొకటి యున్నది. దేహమే దేవాలయమని బసవన్న బోధించెను గదా, ఆ దేవాలయమునుండి ఒక రాయినైనను ఊడదీయవచ్చునా అని పండితులు కొందరు ప్రశ్నింతురు. అయితే ఆ బోధయందే సమాధానమున్నది. కట్టిన గుడికంటె నడచు దేహమును ఆయన గొప్పదిగా నెంచుటకు కారణము అది జంగమము, చలించునది యగుట. నిలిచిపోయినది స్థావరము. చలనము మానిన దేహము మంటిలో కలియునప్పుడు కంటిపొర మరియొకరి దేహమున వెలుగును చూచుచుండుట స్థావరమునుండి జంగమమునకు పోవుటయే గాని గుడిని చెరుపుట కాదు. నిజమునకు దానమను మాటకంటె దాసోహమను మాట దీనికి తగును. దానమున ఇచ్చినవాడు పుచ్చుకొన్నవాని నెరుగును, మెప్పును పొందును. నేత్రదానమున ఎవరి కన్ను ఎవరికి పోయినదో ఉభయులకును తెలుపరు. ఇచ్చితినను అహంకారమునకు చోటులేని సమర్పణమును శరణులు దాసోహమనిరి.

తెలుగునాట వీరశైవులకు ఈ ప్రసక్తి వచ్చినప్పుడెల్ల కన్నప్ప తలపునకు వచ్చును. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఉడుమూరి కన్నప్ప కథ కలదు. కాళహస్తీశ్వరుని కంట నెత్తురు చూచి తన కన్ను పెకలించి యిచ్చిన భక్తుడతడు. 1954లో వచ్చిన 'కాళహస్తి మహాత్మ్యము' అను తెలుగు చిత్రమున కన్నప్పగా నటించిన కన్నడ నటుడు రాజ్‌కుమార్ 2006 ఏప్రిల్ 12న మరణించినప్పుడు ఆయన కన్నులు దానమీయబడెను. ఆయన కుమారుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న ఆకస్మికముగా మరణింపగా, అతని రెండు కన్నులు బెంగళూరు నారాయణ నేత్రాలయమున నలుగురికి చూపు నొసగినవి. కంటిపొర ముందు భాగమును ఒకరికి, వెనుక భాగమును వేరొకరికి అమర్చు నేర్పు వైద్యులకు అలవడియుండుటచే రెండు కన్నులు నలుగురికి చాలినవి. అయితే కన్నప్పకును నేటి దాతకును ఒక భేదమున్నది. బ్రదికియున్నవాని కంటిని దానముగా తీసికొనుట లేదు. మరణానంతరము మాత్రమే తీయుదురు.

తీయునది ఏమి? కంటియందు అన్ని భాగములును మరియొకరికి పనికివచ్చునవి కావు. నల్లగ్రుడ్డుపై గడియారపు అద్దమువలె పారదర్శకముగా నుండు పొరను కార్నియా యందురు. దానియందు నెత్తురు నాళములు లేవు. అందువలననే ఒకరి పొరను మరియొకరి దేహము ఇతర అవయవములకంటె సులభముగా అంగీకరించును. ఈ పొర మసకబారినప్పుడు కంటిలో పువ్వు వేసినదందురు. లోపలి కన్ను చక్కగా నున్నను కిటికీ అద్దమునకు సున్నము పూసినట్లు వెలుగు లోనికి పోదు. పాడైన పొరను గుండ్రముగా కోసి తీసివేసి, దాత పొరను వెంట్రుకకంటె సన్నని దారముతో కుట్టుదురు. ఇట్టి శస్త్రచికిత్స మానవునియందు మొదటిసారి ఫలించినది 1905 డిసెంబరు 7న, మొరేవియా దేశపు ఓలొమౌట్స్ పట్టణమున, ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుని చేతుల మీదుగా. మన దేశమున మొదటి నేత్రనిధి 1945లో మద్రాసునందు ఏర్పడెను.

డెల్టా పల్లెలకు ఈ పువ్వు కొత్తది కాదు. కోతల కాలమున వరి ఆకు అంచు కంటికి కోసికొనును. నూర్పిడిలో ధాన్యపు నూగు ఎగిరి పడును. నల్లజర్ల మెట్టలో పామాయిలు మట్టలు నరకునప్పుడు ముల్లు తగులును. గాయము చిన్నదే. మట్టి, ఆకు, పొట్టు మోసికొని వచ్చు బూజు ఆ గాయమున నాటుకొని పుండగును. మొదటి దినముననే కంటి వైద్యుని చూచినచో చాలవరకు మానును. ఆకు పసరు పిండుట, ఆముదము వేయుట, దుకాణములో నడిగి ఏదో చుక్కల మందు తెచ్చి వేసికొనుట చేసి వారము దినములు గడపినవారికి పువ్వు మిగులును. అట్టివానికి తిరిగి చూపు రావలెనన్న కంటిపొర మార్చుట యొక్కటే దారి, ఆ పొర మరణించిన మనుష్యునినుండి తప్ప దొరకదు. దీనిని కర్మాగారమున చేసి అమ్ముట నేటికిని సాధారణముగా జరుగు పని కాలేదు.

ఏలూరు ప్రాంతమువారు ఈ విషయమున గర్వింపదగిన సంగతి యొకటి కలదు. చలనచిత్ర నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఏలూరు సమీపమునందలి సోమవరప్పాడున జన్మించిన రైతుబిడ్డ. ఆయన యిచ్చిన భూమి, ధనములతో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదునందు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నేడు ప్రపంచమున కంటిపొర మార్పిడికి పేరెన్నికగన్న కేంద్రములలో నొకటి. 1989లో దానికి అనుబంధముగా రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పడెను. విజయవాడ చెంత తాడిగడపలోను ఈ సంస్థకు శాఖ కలదు. కొల్లేటి ఒడ్డున కంటిలో పువ్వు వేసిన రైతు హైదరాబాదు దాక పోనవసరము లేకపోవుట చిన్న సంగతి కాదు.

ఇక మరణము జరిగిన యింట చేయవలసిన పని. మరణము సంభవించిన వెంటనే, బంధువులకు కబురు పంపుటతోపాటుగనే, సమీపపు నేత్రనిధికి టెలిఫోను చేయవలెను. కనురెప్పలు మూసి, వాటిపై తడి దూది యుంచవలెను. నేరుగా తగులుచున్న పంకాను ఆపవలెను. గాలికి కంటిపొర ఎండును. తల క్రింద రెండు దిండ్లుంచి తలను ఎత్తుగా నుంచవలెను. వచ్చిన సహాయకులు ముందుగా కుటుంబసభ్యుని వ్రాతపూర్వక సమ్మతిని, సాక్షి సంతకమును తీసికొందురు. పరీక్షకై కొద్దిగా రక్తమును గూడ తీయుదురు. పని యంతయు ఇరువది, ముప్పది నిమిషములలో ముగియును. కొన్నిచోట్ల కనుగ్రుడ్డును పూర్తిగాను, కొన్నిచోట్ల పై పొరను మాత్రమును తీయుదురు. ఎట్లు తీసినను లోపల అమరిక యుంచి రెప్పలు మూయుటచే ముఖము నిదురించుచున్నట్లే యుండును. రంధ్రములు కనబడుననుట వట్టి పుకారు.

వీరశైవుల యింట దీనికి సంబంధించిన ఇబ్బంది వేరొకటి కలదు. దేహము బిగిసిపోకముందే పద్మాసనమున కూర్చుండబెట్టవలెనను తొందర. ఈ తొందరలో నేత్రనిధికి కబురు చేయుట వెనుకబడును. సహాయకులు వచ్చుసరికి దేహమును కూర్చుండబెట్టి, గుడ్డతో కట్టి, విభూతి దట్టముగా పూసి, దండలు వేసియుందురు. అప్పుడు కన్నులు తీయరాదని కాదు, వీలు తగ్గును. స్నానము చేయించుటకు ముందుగనే వారు వచ్చునట్లు చూచుకొనిన ఉభయులకు సుఖము. ఆలస్యమగుననిపించినచో కూర్చుండబెట్టుట మానవలసిన పని లేదు. ముఖమునకు విభూతి పూయుటను, నేత్రములపై పూలుంచుటను మాత్రము కొంతసేపు ఆపిన చాలును. తల ఎత్తుగా నుండవలెనని వైద్యులు కోరునది ఆసనమున నున్న దేహమునకు సహజముగనే అమరియుండుననుట గమనింపదగినది. సమాధి గుంట త్రవ్వించుటకు, దూరపు బంధువులు వచ్చుటకు ఎట్లును కొన్ని గంటలు పట్టును. ఆ నిరీక్షణ కాలమున అరగంట చాలును. క్రియకు ఏ ఆటంకమును కలుగదు.

వయస్సు అడ్డు కాదు. కళ్లజోడు పెట్టుకొనువారు, చక్కెర జబ్బు, రక్తపు పోటు గలవారు, శుక్లములకు శస్త్రచికిత్స జరిగినవారు సైతము ఇయ్యవచ్చును. కుక్కకాటు పిచ్చి, ఎయిడ్సు, కామెర్లలో హెపటైటిస్ బి, సి రకములు, రక్త క్యాన్సరు, దేహమంతయు చీము విషము వ్యాపించిన స్థితి గలవారి కన్నులు తీసికొనరు. సందేహమున్నచో కుటుంబమువారు తామే నిర్ణయించుకొనక కబురు చేయవలెను. పనికివచ్చునో రాదో పరీక్షించి చెప్పుట నేత్రనిధి వారి పని.

కన్నుల వ్యవహారము ఇంటి చావడిలో ముగియును. గుండె, కాలేయము, మూత్రపిండముల వ్యవహారము అట్టిది కాదు. గుండె ఆగి యింట మరణించినవారినుండి ఇవి పనికిరావు. ఏర్పాట్లున్నచోట చర్మము, ఎముక, గుండె కవాటములు మాత్రము తీసికొందురు. చర్మమును తొడలు, వీపు భాగములనుండి పలుచని పొరగా తీసి కాలినగాయములవారికి వాడుదురు. ముఖ్యావయవములు ఇయ్యగలుగునది ఆసుపత్రిలో కృత్రిమ శ్వాసయంత్రముపై నుండగా మెదడు మరణించినవాడు మాత్రమే. ఈ మాటయే కుటుంబములకు కొరుకుడు పడదు.

గుండుగొలను నుండి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరునకు పోవు జాతీయ రహదారి విశాలమైనది. బండ్లు వేగముగా పోవును. హెల్మెట్టు లేక మోటారు సైకిలుపై పోవుచు తలకు దెబ్బతగిలిన యువకుని విజయవాడకో రాజమహేంద్రవరమునకో తరలింతురు. రెండు దినముల తరువాత వైద్యులు వచ్చి, మెదడు చనిపోయినదని చెప్పుదురు. తల్లి చూచునది వేరు. కుమారుని రొమ్ము లేచి పడుచున్నది, దేహము వెచ్చగా నున్నది, నాడి కొట్టుకొనుచున్నది. చనిపోయినాడని ఎట్లు నమ్మవలెను? గుండెకు తన స్వంత విద్యుత్ ప్రేరణ యుండుటచే, యంత్రము ప్రాణవాయువు నందించునంతవరకు అది మెదడు ఆజ్ఞ లేకయే కొంతకాలము కొట్టుకొనును. శ్వాస మాత్రము మెదడు కాండమునుండి రావలెను. ఆ కాండము నశించినచో శ్వాస తిరిగి రాదు. కోమా వేరు, ఇది వేరు. కోమాలో నున్నవాని మెదడు కాండము పనిచేయుచుండును, అతడు తేరుకొనవచ్చును. మెదడు మరణించినవాడు తిరిగి లేచుట లేదు.

దీనిని నిర్ధారించుటకు నియమములున్నవి. నలుగురు వైద్యులు కలసి నిర్ణయింపవలెను. అవయవములను అమర్చు వైద్యులకు అందు స్థానము లేదు. కంటిలో వెలుగు వేసి కనుపాప కదలునా, చెవిలో చల్లని నీరు పోసిన కన్నులు తిరుగునా, గొంతులో గొట్టము కదపిన దగ్గు వచ్చునా, యంత్రమును కొంతసేపు వేరుచేసిన తనంతట శ్వాస తీయునా అని పరీక్షింతురు. కనీసము ఆరు గంటల యెడముతో మరల అవే పరీక్షలు చేయుదురు. రెండుసార్లును ఏ స్పందనయు లేనప్పుడే మరణమని వ్రాయుదురు. అటుపిమ్మట అవయవదానము మాట కుటుంబముతో ఎత్తుదురు. వలదన్నచో నిర్బంధము లేదు.

కేంద్ర ప్రభుత్వము 1994లోను, ఆంధ్రప్రదేశ్ 1995లోను మానవ అవయవముల మార్పిడికి శాసనములు చేసినవి. అవయవములను కొనుట, అమ్ముట రెండును నేరములు. ఉమ్మడి రాష్ట్రమున 2013లో 'జీవన్‌దాన్' పథకము ఆరంభమయ్యెను. రాష్ట్ర విభజన పిమ్మట 2015లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకముగా ఏర్పడెను. అవయవము ఎవరికి పోవలెనో దాత కుటుంబముగాని, ఆసుపత్రిగాని ఇష్టము వచ్చినట్లు నిర్ణయింపరాదు. ముందుగా నమోదైనవారి వరుస, రక్తవర్గము, రోగ తీవ్రతలను బట్టి కేటాయింతురు. గుండెను నాలుగు గంటలలోపల, కాలేయమును సుమారు పండ్రెండు గంటలలోపల అమర్చవలెను. మూత్రపిండము ఒక దినము వరకు ఆగగలదు. పత్రికలలో గ్రీన్ చానెల్ అని చదువునది గుండెకొరకు రహదారిపై వాహనములను ఆపియుంచుటయే. ప్రమాద మరణమగుటచే పోలీసు విచారణ, శవపరీక్ష తప్పవు. అయినను అనుమతితో అవయవములు తీసిన పిమ్మటనే శవపరీక్ష జరుపవచ్చును.

దేహమును శస్త్రచికిత్స జరిగిన రోగికి వలెనే కుట్టి అప్పగింతురు. రొమ్మునుండి పొట్ట వరకు కుట్టు ఉండును. వస్త్రము కప్పిన కనబడదు. పద్మాసనమున కూర్చుండబెట్టి సమాధి చేయు ఆచారము తమకున్నదని ముందుగనే ఆసుపత్రి సమన్వయకర్తకు చెప్పవలెను. గుండె ఆగునది శస్త్రచికిత్స గదిలో గనుక, దేహము బిగియుట అప్పటినుండియే మొదలగును. విజయవాడనుండి నల్లజర్లకు సుమారు నూరు కిలోమీటర్లు. శవపరీక్షలో జాప్యము జరిగినచో ఇల్లు చేరుసరికి ఆసనము కుదరక పోవచ్చును. అప్పగించునప్పుడే కాళ్లు మడచి పంపుమని కోరుట, అదియు కుదరనిచో పరుండబెట్టియే సమాధి చేయుటకు గురువు అనుమతి పొందియుండుట మంచిది. ఆసనము కుదరలేదని ఆగిన శివైక్యము లేదు.

2023లో దేశమందు 18,378 అవయవ మార్పిడులు జరిగినవి. మరణానంతర దాతలు 1,099 మంది మాత్రమే. తక్కిన భారమును మోసినది బ్రదికియున్న బంధువులు. తల్లి కుమారునకు, భార్య భర్తకు ఒక మూత్రపిండము నిచ్చుట తరచుగా జరుగును. భర్త భార్యకిచ్చుట అంత తరచుగా వినబడదు. ఇచ్చువారిలో స్త్రీలు, పుచ్చుకొనువారిలో పురుషులు అధికులుగా నున్నారు. స్త్రీ పురుషులకు సమముగా లింగదీక్ష నొసగిన మతమువారు ఈ సంగతిని గూర్చి ఇంటిలో ఒకసారి మాటలాడుకొనుట అవసరము.

వైద్య కళాశాలకు సంపూర్ణ దేహమునిచ్చుట వీటన్నిటికంటె భిన్నము. ఏలూరు, రాజమహేంద్రవరములందు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. శరీర నిర్మాణ శాస్త్రము నేర్చుటకు విద్యార్థులకు దేహములు కావలెను. కాని ఇక్కడ సమాధి క్రియకు దేహము మిగులదు. ఈ భేదమును దాచి, అన్నియు నొకటేయని ప్రచారము చేయుట సరికాదు. విజయపురమున జ్ఞానయోగాశ్రమపు సిద్ధేశ్వర స్వామివారు 2023 జనవరి 2న లింగైక్యము చెందినప్పుడు, తమకు సమాధి గాని స్మారకము గాని వలదని, దహనము చేయుమని ముందే వ్రాసియుంచిన మాట ప్రకారము అట్లే జరిపిరి. విరక్తులు అట్టి నిర్ణయము చేయగలరు. గృహస్థుల యింట భార్యాబిడ్డల మనస్సును గూడ చూడవలెను. సమాధి కావలెనను కుటుంబమునకు కన్నులు, అవయవములు ఇచ్చుట సాధ్యము. సంపూర్ణ దేహదానము చేయదలచినవారు కుటుంబముతోను గురువుతోను ముందే స్పష్టముగా మాటలాడుకొనవలెను.

దాన పత్రముపై సంతకము చేసి పెట్టెలో దాచిన చాలదు. పత్రమున్నను మరణానంతరము కుటుంబసభ్యుల సమ్మతిని అడుగుదురు. వారు వలదన్నచో ఆ పత్రము కాగితముగనే మిగులును. కావున సంతకము చేసినవాడు భార్యకు, కుమారులకు, కోడండ్రకు, కుమార్తెలకు చెప్పియుండవలెను. మఠమునకు పోయినప్పుడు అయ్యగారికిని చెప్పవలెను. మరణ గడియలో ఇంటివారు మొదట అడుగునది అయ్యగారినే. ఆయన 'కానిండు' అన్నచో ఎవరును అడ్డు చెప్పరు. మఠాధిపతులు సమాధి క్రియకు బయలుదేరునప్పుడే నేత్రనిధికి కబురు చేసితిరా యని అడుగు అలవాటు చేసికొన్నచో సగము పని తీరును.

సమీపపు నేత్రనిధి టెలిఫోను సంఖ్యను పంచాంగము, క్యాలెండరు వ్రేలాడు గోడపైననే పెద్ద అంకెలతో వ్రాసియుంచవలెను. అవయవదానమును గూర్చిన వివరములకు జాతీయ సంస్థవారి ఉచిత సంఖ్య 1800 11 4770. ఫోను చేసినప్పుడు మృతుని పేరు, వయస్సు, మరణించిన సమయము, కారణము, ఇంటి గుర్తు చెప్పవలెను. చికిత్స చేసిన వైద్యుడిచ్చిన మరణ ధ్రువపత్రమును, పాత మందుల చీటీలను సిద్ధముగా నుంచవలెను. దేహమును కూర్చుండబెట్టు సమయము, సమాధికి తీసికొనిపోవు సమయము కూడ చెప్పినచో వారు దానిని బట్టి బయలుదేరుదురు.